సిస్ట్ తీసిన గుంతలో ఎముక పెంచి, అందులోకి పన్ను జరిపారు: నా అనుభవం

ఎడమవైపు కింది దవడలో సిస్ట్ వచ్చింది, అంటే ఎముక లోపల నీరు నిండిన సంచీ లాంటిది. దాన్ని తీసేటప్పుడు ఒక దవడ పన్నూ పోయింది. మిగిలిన గుంతలో ఎముక పెంచారు. వెనకున్న పన్నుని క్లిప్పులతో మెల్లగా ముందుకి లాగి, ఆ పెరిగిన ఎముకలో నిలబెట్టారు. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ, 2022 జూన్‌లో మొదలైంది 2025 జూన్‌కి గానీ తెమల్లేదు. విశాఖలో ఇలాంటిదే చేయించుకోబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఏం చేయబోతున్నారో డాక్టర్లు బాగానే చెప్తారు. చేశాక నెలల తరబడి ఏమీ జరగనట్టుండే కాలం ఒకటుంటుంది, దాని సంగతే ఎవరూ ఎత్తరు. మూడొంతుల వైద్యం అదే.

అప్పటికి నాకు 27 ఏళ్ళు. మాది గోపాలపట్నం. గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్తాను. డిగ్రీలో ఉండగా ఎడమవైపు కింది మొదటి దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించాను. మళ్ళీ దాని ఊసే లేదు. 2022 వేసవి సెలవులయ్యేసరికి ఆ పన్ను కింద, బుగ్గవైపు, చిగురు ఉబ్బెత్తుగా తగిలింది. నొప్పి లేదు. వేలితో నొక్కితే మాత్రం టిక్కుమని లోపలికి పోయేది. ఎముకన్నాక అలా పోకూడదు కదా! మా వీధి చివర డెంటిస్టు దగ్గరికెళ్తే ఆవిడ చిన్న ఎక్స్‌రే తీసి, "మచ్చ ఈ ఫిల్ములో పట్టట్లేదమ్మా, పెద్దది తీయించుకురా" అని మహారాణిపేట పంపారు. ఓపీజీ అంటారు, దవడలు రెండూ ఒకే పటంలో వస్తాయి, 500 రూపాయలు. కౌంటర్లో అబ్బాయి కవరు ఇచ్చాక ఆగలేక బయట మెట్ల మీదే తీసి, ఎండకేసి పట్టుకుని చూశాను. క్యాప్ వేసిన పన్ను వేళ్ళ కింద నల్లగా, గుండ్రంగా, పక్క పన్ను వేరు దాకా పాకి ఉంది. నాకు ఎక్స్‌రేలు చదవడం రాదు, అయినా అది అక్కడ ఉండాల్సింది కాదని తెలిసిపోయింది.

ఆ పక్క వీధిలోనే ఓరల్ సర్జన్. ఆయన త్రీడీ స్కాన్ తీయించమన్నారు. సీబీసీటీ, మరో 2,500. గుంత 22 మిల్లీమీటర్ల పొడవు, బుగ్గవైపు ఎముక గోడ దాదాపు తినేసింది, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం గొట్టాన్ని కిందికి నెట్టేసింది. సూదితో లోపలి నీరు లాగి చూపించారు, ఎండుగడ్డి రంగులో ఉంది. "రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు కొసన వచ్చే మామూలు సిస్టే అయ్యుంటుంది. కానీ బయాప్సీ వచ్చేదాకా నేను పేరు పెట్టను. కొన్ని రకాలు తీసేసినా మళ్ళీ వస్తాయి" అన్నారు. మా అమ్మకి ఆ 'మళ్ళీ వస్తాయి' ఒక్కటే వినబడింది.

ఆపరేషన్ తేదీ ఇచ్చే ముందు ఆయన ఒక మాట చెప్పారు: ద్వారకానగర్‌లో క్లిప్పుల డాక్టరుని కలిసి రా, ఆవిడ ఏమంటారో విన్నాకే నేను కత్తి పడతాను అని. పన్ను తీయడానికి క్లిప్పుల డాక్టరెందుకని విసుక్కున్నాను గానీ, మొత్తం కథలో నాకు బాగా మేలు చేసింది ఆ ఒక్క సంగతే. పన్ను పోయాక ఆ ఖాళీలో ఏం రావాలన్నది ముందే తేలితే, గుంతలో ఏం నింపాలన్నదీ తేలుతుంది. ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే కట్టుడు పన్ను) పెట్టేటట్టయితే ఒక రకం, పన్ను నడిచి రావాలంటే ఇంకో రకం.

క్లిప్పుల మేడమ్ నా నోట్లో అద్దం పెట్టి చూసి, వెనక రెండో దవడ పన్నూ, దాని వెనక జ్ఞానదంతమూ రెండూ గట్టిగా ఉన్నాయి, రెంటినీ ముందుకి జరుపుదాం అన్నారు. రెండోది వచ్చి మొదటిదాని చోట, జ్ఞానదంతం వచ్చి రెండోదాని చోట. నా అనుమానం, తీసేసిన చోట ఎముకే లేదుగా, పన్ను దేంట్లోకి వస్తుంది? ఆవిడ చెప్పింది ఇదీ. పన్ను వెళ్ళే వైపు ఎముక కరిగి దారిస్తుంది, వదిలొచ్చిన వైపు కొత్తది కడుతుంది, ఈ రెండు పనులూ చేసేది ప్రాణమున్న ఎముకే. అందుకని గుంతలో పెట్టేది నీ సొంత ఎముకగా మారిపోయే సరుకై ఉండాలి. గ్రహణంమొర్రి పిల్లలకి చిగురు చీలికలో తుంటి ఎముక తీసి పెడతారు, కోరపన్ను ఆ పెట్టిన ఎముకలోంచే దిగుతుంది, ఇది కొత్త ప్రయోగమేమీ కాదు అని కూడా అన్నారు. ఆ ఉదాహరణతో నాకు సగం భయం పోయింది.

ఖర్చు మాత్రం అక్కడే తెలిసింది. ఎముక నింపాక ఇంప్లాంట్ పెడితే అదనంగా 35 వేలు, ఏడాదిలో అయిపోతుంది. పన్ను జరపడమైతే క్లిప్పులకే 50 వేలు, పైగా రెండేళ్ళకి తక్కువ కాదు. లెక్క చూస్తే ఇంప్లాంటే నయం. మా నాన్న కూడా అదే అన్నారు. నేను సొంత పన్నుకే మొగ్గాను. 27 ఏళ్ళకే నోట్లో స్క్రూ బిగించుకోవడం మనసొప్పలేదు (క్లిప్పుల కోసం కూడా స్క్రూ పెడతారని అప్పటికి తెలీదు, అది వేరే సంగతి). జ్ఞానదంతం లేనివాళ్ళకీ, ఉన్నా పుచ్చిపోయినవాళ్ళకీ ఈ దారి వద్దనే చెప్తాను.

ఎముక సరుకు దగ్గర మా అమ్మ రంగంలోకి దిగింది. సర్జన్ వరసగా చెప్పుకొచ్చారు: ఆవు ఎముకని శుద్ధి చేసిన పొడి ఉంటుంది, అందరూ వాడేది అదే; మనుషులు దానమిచ్చిన ఎముక పొడి ఉంటుంది; ల్యాబులో తయారయ్యేదీ ఉంటుంది. అమ్మ ఆయన్ని అక్కడే ఆపేసింది. "ఏటి బాబూ, ఆవు ఎముకా? పిల్ల నోట్లోనా?" ఆయనకిది కొత్త కాదనుకుంటా, నవ్వలేదు. "అమ్మా, మీరు వద్దనకపోయినా ఈ అమ్మాయికి నేను అది పెట్టను. అది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది, తొందరగా కరగదు. పన్ను దాంట్లోంచి నడవాలంటే కష్టం" అన్నారు. దవడ చివర, జ్ఞానదంతం వెనక ఉన్న నా సొంత ఎముకనే గీకి, నా రక్తంలోంచి తీసిన గడ్డతో కలిపి పెడతానన్నారు. అమ్మ స్థిమితపడింది. కానీ పైన కప్పడానికి పల్చటి కొల్లాజెన్ పొర కావాలి, అదీ ఎక్కువగా ఆవుదో పందిదో అట. మళ్ళీ మొదటికొచ్చింది. చేపల నుంచి తీసిన పొర కూడా దొరుకుతుందన్నారు, 7,000. "చేపైతే మనకేటి పట్టింపు, శనివారం కాకుండా చూసుకోండి" అంది అమ్మ. సింహాచలం అప్పన్న భక్తురాలు, వంజరం పులుసు లేకపోతే ఆదివారం గడవదు. ఆపరేషన్ బుధవారం పెట్టారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, మీకైనా పట్టింపులుంటే ముందే అడగండి. ఎముక పొడి ఒకటే కాదు, పొర గురించి విడిగా అడగాలి. మనం అడక్కపోతే అది ఏ జంతువుదో ఎవరూ వచ్చి చెప్పరు.

2022 జులై 20. సింహాచలం గిరి ప్రదక్షిణ అయిన వారానికి. మొత్తం మత్తు కాదు, దవడకి సూదులిచ్చి కుర్చీలోనే చేశారు. అంతకుముందే చేతి నుంచి సన్నటి గొట్టాల్లోకి రక్తం తీసి, నర్సు దాదాపు పరుగెత్తుకెళ్ళి గిర్రున తిరిగే మిషన్‌లో పెట్టింది. అందులో గడ్డ కట్టకుండా ఆపే మందేమీ ఉండదట, ఆలస్యమైతే పనికిరాదు. పది నిమిషాలకి తెచ్చి చూపించారు. గొట్టం అడుగున ఎర్రగా, పైన తేటగా, నడుమ లేత పసుపు జిగురు ముక్క. దాన్నే పటకారతో లాగి, ఎర్రది కత్తిరించి, కొంత గీకిన ఎముక తురుములో కలిపారు, కొంత చిన్న స్టీలు పెట్టెలో అదిమి పొరలా చేశారు. నా ఒంట్లోది నా కళ్ళముందే మందుగా మారుతుంటే కాసేపు భయం కూడా మరిచిపోయాను.

నొప్పి తెలీదు, నిజం. చప్పుడు మాత్రం తెలుస్తుంది. ఎముక గీకుతుంటే ఆ శబ్దం చెవిలోంచి కాదు, పుర్రె లోపల్నుంచి వస్తుంది. రెండు గంటల పైనే పట్టింది. క్యాప్ వేసిన పన్ను ఊడొచ్చాక, సిస్ట్‌ని సంచీలా ఒకే ముక్కగా లాగి సీసాలో వేశారు. చూస్తావా అన్నారు. వద్దన్నాను. అమ్మ చూసింది.

వాపు మూడో రోజుకి పెరిగి, కన్ను కింద దాకా వచ్చింది. మొదటి రోజు కన్నా మూడో రోజు ఎక్కువుంటుందని ముందే తెలిస్తే బెంగ ఉండదు. తిండి, చల్లారిన చోడి (రాగి) అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఇడ్లీ పాలల్లో. స్ట్రా వాడొద్దన్నారు, పీల్చితే గడ్డ కదిలిపోతుందని. పదో రోజు కుట్లు తీశారు.

అసలు ఇబ్బంది కింది పెదవి. మత్తు దిగాక కూడా ఎడమ సగం, గడ్డం దాకా మొద్దుబారిపోయి ఉంది. నరం దగ్గర్లోనే సిస్ట్ ఉంది కాబట్టి ఇలా అవ్వొచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పారు. కాగితం మీద 'తాత్కాలిక స్పర్శలోపం' అని ఉంటుంది, అంతే. ఇంట్లో అదెలా ఉంటుందంటే, టీ గడ్డం మీదుగా కారి చున్నీ మీద పడ్డాక చూసుకోవడం. అన్నం మెతుకు పెదవికి అంటుకుని ఉంటే పక్కవాళ్ళు చెప్పేదాకా తెలీకపోవడం. వేడి కూర పెదవి లోపల బొబ్బ ఎక్కించినా తెలీదు. ఆగస్టులో బడికెళ్ళాక ఇంకో ముచ్చట: ప, బ, మ సరిగ్గా పలకవు. 'మొదటి పానిపట్టు యుద్ధం' అనేసరికి ఎనిమిదో తరగతి వెనక బెంచీ కిసుక్కుమంది. ఆ వారమంతా పిల్లల చేతే పాఠం చదివించాను. నరాలకి బి12 బిళ్ళలిచ్చారు. సెప్టెంబరు చివర్లో గడ్డం మీద జివ్వుమనడం, దురద మొదలయ్యాయి. తిరిగొస్తోందనడానికి అదే గుర్తట. మార్గశిరం గురువారాలకి కనకమహాలక్ష్మి గుడి లైన్లో నించుని ప్రసాదం తింటుంటే పెదవి మీద చక్కెర పలుకు తగిలింది. పూర్తిగా వచ్చేసిందని అప్పుడు నమ్మాను.

బయాప్సీ ఆగస్టు మొదటివారంలో వచ్చింది, 1,500 తీసుకున్నారు. మామూలు సిస్టే, మళ్ళీ వచ్చే రకం కాదు. ఆ పది పన్నెండు రోజులూ ఎలా గడిచాయో రాయాలని లేదు.

తర్వాత ఖాళీ. ఏ మందూ లేదు, ఏ పనీ లేదు, ఎముక పెరగాలి. ఇక్కడ డాక్టర్లిద్దరికీ మాట కలవలేదు. సర్జన్ నిండా ఆరు నెలలు ఆగమంటారు, పచ్చి ఎముకని లాగితే చెదిరిపోతుందని. క్లిప్పుల మేడమ్ నాలుగు నెలలకే మొదలుపెడదామంటారు, పని లేని ఎముక అరిగిపోతుంది, ఎక్కువ ఆగితే పెంచిందంతా పల్చబడుతుందని. ఇద్దరి మాటా నిజమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒకరి మాట ఇంకొకరికి మోసుకెళ్ళేదాన్ని. ఆఖరికి నేనే ఒకరి నంబరు ఇంకొకరికిచ్చి మాట్లాడుకోండి సార్ అన్నాను. పది నిమిషాల్లో తేలిపోయింది: డిసెంబరు చివర్లో స్కాన్, బాగుంటే సంక్రాంతి వెళ్ళగానే క్లిప్పులు. "అరిసెలూ జంతికలూ అన్నీ తినేసి రా, మళ్ళీ రెండేళ్ళు దొరకవు" అన్నారు మేడమ్. క్లిప్పులు వేయకముందే స్కాన్ తీయించడానికి ఇంకో కారణముంది, లోహం ఉంటే ఆ బొమ్మలో గీతలు గీతలుగా వచ్చి ఏదీ సరిగా కనబడదట.

డిసెంబరు స్కాన్‌లో జూన్‌లో నల్లగా ఉన్న చోట బూడిద రంగు వచ్చింది. అందులో సన్నటి దారాల్లా గీతలు. సర్జన్ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, కొత్త ఎముక అంచు ఎక్కడుందో పెన్ను కొసతో చూపించారు. పైన ఎముక మిట్ట దగ్గర 8 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చింది, పన్ను పడుతుంది అన్నారు. ఇన్నాళ్ళూ చేసిందల్లా కూర్చోవడమే అయినా, ఏదో పరీక్ష పాసైనట్టు గర్వంగా అనిపించింది.

2023 జనవరిలో క్లిప్పులు వేశారు. మొదటి నాలుగు నెలలూ మిగతా పళ్ళని వరసలో పెట్టడమే. వేసవి సెలవుల్లో స్క్రూ పెట్టారు. ఒకటిన్నర మిల్లీమీటరు మందం, 8 మిల్లీమీటర్ల పొడవు, ముందు పళ్ళ వేళ్ళ మధ్య ఎముకలోకి చేత్తోనే తిప్పుతారు. అయిదు నిమిషాల పని. వెనక పన్నుని ముందున్న పళ్ళకి కట్టి లాగితే ముందువి కూడా వెనక్కి పోతాయట, అలా పోకుండా ఈ స్క్రూ పట్టుకుని లాగుతారు. వెనక పన్నుకి కొక్కెం, కొక్కెం నుంచి స్క్రూకి రబ్బరు చైను. నెలకోసారి చైను మార్పు.

నెలకి అర మిల్లీమీటరు వస్తే సంతోషం అన్నారు. ఖాళీ పదిన్నర మిల్లీమీటర్లు. నేను కొబ్బరి చీపురు పుల్ల ఒకటి శుభ్రంగా కడిగి, నెల మొదటి తారీఖున ఖాళీలో అడ్డంగా పెట్టి, సరిపడా తుంచి, డైరీలో టేపుతో అంటించేదాన్ని. జూన్ పుల్ల, జులై పుల్ల, ఆగస్టు పుల్ల మూడూ ఒకే పొడుగు. మేడమ్ కొలపరికరంతో కొలిచి 10.2 అంటే, నా పుల్లకి ఆ తేడా అందలేదు. ఎముక కరగడం మొదలవడానికే కొన్ని వారాలు పడుతుంది, పైగా ఇది పెంచిన ఎముక, తొందరపడకు అన్నారు. తొందరపడి ఏం చేయగలను? రాత్రిపూట నాలుక అస్తమానం ఆ ఖాళీలోకే పోయేది. అంతా మోసమేమో, అక్కడ ఎముకే లేదేమో అని రెండు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.

అదే ఆగస్టులో స్క్రూ వదులైపోయింది. నాలుకతో తోస్తే కదులుతోంది. కొందరికి అలా అవుతుందట, తీసేసి కొంచెం పక్కన ఇంకోటి పెట్టారు. మొదటిది 4,000, రెండోదానికి సగమే తీసుకున్నారు. మధ్యలో ఒక నెల లాగుడు లేదు.

అక్టోబరు పుల్ల పొట్టిగా వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి అమ్మకి చూపించాను. గోరంత తేడా. అక్కడి నుంచి దాదాపు ప్రతి నెలా పుల్ల తగ్గుతూ వచ్చింది. డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకి వెళ్ళలేకపోయాను, ఆ నెల చైను పాతదే, పుల్లలో తేడా లేదు. చైను వారాలు గడిచేకొద్దీ సాగి బలం తగ్గిపోతుంది కాబట్టి తేదీ తప్పితే ఆ నెల పోయినట్టే.

చిన్నచిన్నవి కొన్ని. రంగులేని రబ్బర్లు అందంగా ఉంటాయని అడిగి వేయించుకుంటే రెండు పూటల పప్పుచారుకి పసుపచ్చగా అయిపోయాయి, తర్వాత నుంచి బూడిద రంగే. నొప్పికి పారాసెటమాల్ తప్ప వేరే వేసుకోవద్దన్నారు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పన్ను కదలికని నెమ్మదింపజేస్తాయట. స్టాఫ్ రూములో తలనొప్పికి ఎవరి సంచీలో చూసినా అవే బిళ్ళలుంటాయి, కాబట్టి అడిగి వేసుకోండి. విటమిన్ డి పరీక్ష చేయిస్తే తక్కువుంది, వారానికో పొడి పొట్లం ఇచ్చారు. పన్ను ముందుకి వస్తున్నకొద్దీ వెనక తీగ బుగ్గలోకి పొడుచుకొస్తుంది, అర్ధరాత్రి మా నాన్న గోళ్ళ కత్తెరని స్పిరిట్‌తో తుడిచి కత్తిరించారు. మీరు తీగ కొసకి అద్దడానికి మైనం దగ్గర పెట్టుకోండి.

పెద్ద ఆశ్చర్యం చిగురు. పన్ను సగం దూరం వచ్చేసరికి దాని ముందున్న చిగురు మడతపడి, లోతుగా ఒక గాడి ఏర్పడింది. పోపు గింజలు, మినప్పొట్టు అన్నీ అందులోకే. బ్రష్ చేస్తే రక్తం. ఎముక జరిగినంత తేలిగ్గా చిగురు సర్దుకోదట, పెంచిన చోట మరీను. 2024 ఆగస్టులో లేజర్‌తో ఆ మడత తీసేశారు, 2,500. కాలిన వాసన తప్ప బాధేమీ లేదు. అంతకుముందు తీసిన ఓపీజీలో పన్ను వేళ్ళు అరగలేదని, వేరు కూడా పన్ను పైభాగంతోపాటే నిటారుగా వస్తోందని చూశాకే ఇది చేశారు. పన్ను వాలిపోయి పైభాగం మాత్రమే ముందుకొస్తే రావడం కాదు, వేరు రావాలి, ఆలస్యమంతా దానికే అని మేడమ్ చెప్తూనే ఉండేవారు. పన్ను కొంచెం ఊగినట్టుంటుంది, హడలిపోకండి, కదిలే పన్ను అలాగే ఉంటుంది.

2024 నవంబరులో జ్ఞానదంతానికీ క్లిప్పు బిళ్ళ అతికించి లాగారు. 2025 ఫిబ్రవరిలో ఖాళీ మూసుకుంది. మూడు నెలలు వేర్లు సర్దడం, పై పళ్ళతో కొరుకు కలపడం. జూన్‌లో క్లిప్పులు తీసేశారు. మొదట చెప్పింది రెండేళ్ళు, పట్టింది రెండున్నరకి కాస్త తక్కువ. తీసిన రోజు పళ్ళు వేరేవాళ్ళవిలా నున్నగా అనిపించాయి, నేరుగా వెళ్ళి ఆర్కే బీచ్‌లో ముంతమసాలా తిన్నాను, ఎడమవైపే నమిలాను.

చివరి స్కాన్‌లో పన్ను వేళ్ళు రెండూ సిస్ట్ ఉన్న చోటే నిలబడి ఉన్నాయి. బుగ్గవైపు ఎముక పల్చగానే ఉంది గానీ ఉంది. వెనక పన్ను వదిలొచ్చిన చోట కూడా ఎముక నిండింది. పన్ను తనతోపాటు ఎముకని తెచ్చుకుంటుందని మేడమ్ మొదట్లో అన్నప్పుడు ఊరికే ధైర్యం చెబుతున్నారనుకున్నాను. సర్జన్ మాత్రం పొగడ్తలేవీ లేకుండా ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకో అని రాసిచ్చారు.

ఖర్చంతా విడివిడిగా, వేర్వేరు చోట్ల, వేర్వేరు నెలల్లో పడింది కాబట్టి ఎప్పటికప్పుడు తక్కువే అనిపించింది. కూడితే ఇదీ: ఓపీజీలు రెండు 1,000, త్రీడీ స్కాన్‌లు మూడు 7,500, రక్త పరీక్షలు 1,100, ఆపరేషన్ 35,000, చేప పొర 7,000, బయాప్సీ 1,500, మందులు సుమారు 2,000, క్లిప్పులు 50,000 వాయిదాల్లో, స్క్రూలు 6,000, లేజర్ 2,500, చివర్లో రిటైనర్లు (జరిపిన పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టేవి) 4,000. మొత్తం 1,17,600. ఆటోలు కలపలేదు. ఇన్సూరెన్స్‌కి పెడితే, ఆసుపత్రిలో చేరలేదు, పైగా పళ్ళ వైద్యం అని తిప్పి పంపేశారు. పాలసీ ఉన్నవాళ్ళు ఆపరేషన్‌కి ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం మంచిది. ఇంత పెట్టలేనివాళ్ళకి రుషికొండ వైపూ, సంగివలస వైపూ డెంటల్ కాలేజీలున్నాయి. సర్జన్లూ క్లిప్పుల డాక్టర్లూ ఒకే కప్పు కింద ఉంటారు, నాలా మాటలు మోసుకెళ్ళే పనుండదు. గోపాలపట్నం నుంచి గాజువాక బడికెళ్ళొచ్చే నాకు ఆ దూరం కుదరక వెళ్ళలేదు.

ఇప్పుడు లోపలివైపు సన్నటి తీగ అతికించి ఉంది, ఖాళీ మళ్ళీ తెరుచుకోకుండా. రాత్రిళ్ళు ప్లేటు పెట్టుకోవాలి, ఎన్నాళ్ళంటే పెట్టుకోగలిగినన్నాళ్ళు అన్నారు. ఇంకో పని మిగిలింది. కింది జ్ఞానదంతం ముందుకి వచ్చేసింది కాబట్టి ఎడమవైపు పై జ్ఞానదంతానికి కింద ఆనేది ఏదీ లేదు. అలా వదిలేస్తే అది కిందికి దిగిపోతుందట. దసరా సెలవుల్లో తీయించుకోవాలి, 3,000 అన్నారు.